బ్రాందీ షాపుకు ఎదురుగా ఒక సాయంత్రం

ఒక సాయంత్రం నేను కోలారు గనుల దగ్గరి ఛాంపియన్ రీఫ్స్‌లో ఒక బ్రాందీ షాపుకు ఎదురుగా, రోడ్డుకు ఇవతల, చీకటి పడేదాకా నిలబడ్డాను. ఒక మనిషి లోపలికి వెళ్తాడా లేదా అని చూడటానికి. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. నాకు రోజూ డైరీ రాసే అలవాటు. ఆ రోజు పేజీలో కూడా 'బస్సు ఆలస్యమైంది' అని మాత్రమే రాసుకున్నాను. డైరీకి కూడా అబద్ధం చెప్పేంత భయం ఎందుకు పట్టిందో, ఆ ఉద్యోగం వదిలేశాను కాబట్టి ఇప్పుడు చెప్పగలననుకుంటున్నాను. ఇలాంటి పనుల్లో కొత్తగా చేరే చెల్లెళ్లకూ తమ్ముళ్లకూ ఇది పనికిరావచ్చు. పనికిరాకపోతే, మీకంటే ముందు కూడా ఒకతె ఇలాగే భయపడిందని తెలిసి కొంచెం ధైర్యమైనా వస్తుంది.

తాగుడు మానడానికి చికిత్స చేయించుకున్నవాళ్లు ఆ తర్వాత ఎలా నిలబడుతున్నారు, వారానికోసారి అందరూ ఒకచోట కూర్చుని మాట్లాడుకునే కూటాల వల్ల ఏమైనా మేలు జరుగుతోందా అని తెలుసుకునే పరిశోధన అది. కోలారు బంగారు గని ఊళ్లలో పాత కార్మికుల ఇళ్ల వరసలున్న లైన్లలో, చుట్టుపక్కల కొన్ని పల్లెల్లో జరిగేది. ఇల్లిల్లూ తిరిగి ప్రశ్నలు అడగడం, జవాబులు రాసుకోవడం నా పని. తలుపు తట్టేముందు నీళ్లు తాగి, ఒకసారి వీధి చివరిదాకా నడిచి వెనక్కి వచ్చే మనిషికి ఇంతకంటే చెడ్డ ఉద్యోగం ఉండదు. నా సంచిలో ఎప్పుడూ ఒక నవల ఉండేది. ఎవరైనా పలకరిస్తారేమోనని బస్సులో అది తెరిచి పెట్టుకునేదాన్ని.

ఆ పరిశోధనలో ఒక కొత్త పద్ధతి ఉండేది. జబ్బు పడి లేచినవాళ్లు ఇద్దరు మాతోపాటు కమిటీలో కూర్చునేవాళ్లు. వాళ్లను రోగులు అనకూడదు, సమభాగస్వాములు అనాలి. ఏం అడగాలి, ఎవర్ని అడగాలి, ఎప్పుడు అడగాలి అన్నది పరిశోధన నడిపే డాక్టరుగారు ఒక్కరే నిర్ణయించకూడదు, వాళ్లు కూడా నిర్ణయించాలి.

ఇద్దరిలో ఒకాయన యాభై దాటినవాడు. మేమంతా 'అన్న' అనేవాళ్లం. ఆయన తండ్రి చిత్తూరు పక్క పల్లె నుంచి వచ్చి గనిలో దిగాడు. గని చివరి రోజుల్లో ఆయనా దిగాడు. గని మూతపడ్డాక చాలామందిలాగే తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరుకు పోయి, ఒక అపార్టుమెంటుకు కాపలా కాసి, రాత్రికి తిరిగొచ్చేవాడు. ఆ రైలు ప్రయాణాల్లోనే తాగుడు ముదిరిందట. మానేసి కొన్నేళ్లయింది. మా కూటాలు నడిపేది ఆయనే.

రెండో ఆమె బైరకూరు దగ్గర పల్లెలో పట్టుగూళ్లు పెంచే ఇంటి కోడలు. ఆమెకు తాగుడు లేదు. మనసుకు జబ్బు చేసి, రెండేళ్లు మంచం దిగకుండా ఉండి, కోలుకున్న మనిషి. ఆమె మాకు 'అక్క'.

కమిటీలో మా మర్యాద చూడాలి. అన్న ఏం చెప్పినా డాక్టరుగారు చాలా బాగా చెప్పారనేవారు. అక్క దగ్గినా మేము తలలూపేవాళ్లం. ఒకరోజు టీ తాగుతూ అక్క నాతో అంది:

"నేనేమి చెప్పినా బాగుండాది, బాగుండాది అంటారు. మా అత్త పాతికేండ్లలో ఒక్కసారి గూడా నన్నట్ల మెచ్చుకోలేదు. నాకు ఇంగా ఒళ్లు బాగ కాలేదేమోనని అనుమానంగా ఉండాది."

నేను నవ్వాను. అందులో ఉన్న నిజం మాత్రం అప్పుడు నాకు ఎక్కలేదు.

కూటాలు మొదలై కొన్ని నెలలయ్యాక ఎంతమంది తాగకుండా ఉన్నారో ఇల్లిల్లూ వెళ్లి అడగాలి. ఎప్పుడు వెళ్లాలన్న మాట కమిటీలో వచ్చింది. అన్న వెంటనే కార్తీకం, మార్గశిరం పెట్టుకోండి అన్నాడు. ఆడపిల్ల ఒక్కతే లైన్లన్నీ తిరుగుతుంది, ఆ నెలల్లో అయితే తాగి తలుపు తీసేవాడు ఎవడూ ఉండడు, ఎవడూ నోరు జారడు అని కారణం చెప్పాడు. చాలా బాగా చెప్పారన్నారు డాక్టరుగారు. అందరం తలలూపాం. ఆయన నా గురించి ఆలోచించినందుకు నాకు కళ్లు చెమర్చాయి కూడా.

మా ప్రాంతం తెలిసినవాళ్లకు ఇక్కడే తెలిసిపోయి ఉంటుంది. కార్తీకం వచ్చిందంటే మా వైపు వీధుల్లో సగం మంది మగవాళ్లు నల్లబట్టల్లో ఉంటారు. అయ్యప్ప మాల వేసుకుంటారు. చెప్పుల్లేకుండా నడుస్తారు, పొద్దునా సాయంత్రమూ చన్నీళ్ల స్నానం చేస్తారు. ఎంత తాగుబోతైనా కొండకు పోయి వచ్చి మాల తీసేదాకా చుక్క ముట్టడు. నేను పుట్టి పెరిగింది బంగారుపేటలో. మా మామయ్య ఏటా మాల వేసుకుంటాడు. అయినా ఆ రోజు ఆ గదిలో ఇది నాకు తట్టలేదు. ఇంటి సంగతి ఇంట్లోనూ ఆఫీసు సంగతి ఆఫీసులోనూ వదిలిపెట్టే చదువు మనది.

తిరగడం మొదలుపెట్టాను. అన్న చెప్పింది నిజమే. తలుపు తీసిన ప్రతివాడూ శుభ్రంగా స్నానం చేసి, విభూతి పెట్టుకుని, 'సామి శరణం' అని మర్యాదగా పలకరించాడు. కొన్ని ఇళ్లలో ముసలమ్మలు నన్ను పైకీ కిందికీ చూసి, లోపలికి రావచ్చో కూడదో కళ్లతోనే అడిగేవాళ్లు. నేను గడప బయటే నిలబడేదాన్ని. పోయిన నెల్లో ఎన్ని రోజులు తాగారు అన్నది మొదటి ప్రశ్న. ఒక్క రోజూ లేదు. పక్కింట్లో ఒక్క రోజూ లేదు. ఆ పై ఇంట్లోనూ అంతే.

మారికుప్పం దగ్గర ఒక లైన్లో నల్లబట్టల మనిషి ఒకాయన నా ప్రశ్న విని నవ్వి లోపలికి వెళ్లిపోయాడు. ఆయన భార్య అరుగు మీద రాగులు చెరుగుతోంది. చేట ఆపకుండానే అంది:

"మాల వేసుకున్న సామిని అడిగే మాటేనామ్మా అది? మాల తీసినాంక రా. అప్పుడు నేనే చెప్తాను."

నా చేతిలో పెన్ను ఆగిపోయింది. అంతవరకూ నేను నింపుకుంటూ వచ్చిన సున్నాలన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. అవి మా కూటాల సున్నాలు కావు. దేవుడి సున్నాలు.

నేను వెళ్లి ఈ సంగతి చెప్పేలోపే ఆఫీసులో అప్పటిదాకా వచ్చిన జవాబులు లెక్కగట్టేశారు. ఫలితాలు చూసి డాక్టరుగారు స్వీట్లు తెప్పించారు. బెంగళూరులో పెద్ద డాక్టర్ల సభలో ఈ ఫలితాలు చెప్పాలి. చెప్పేది అన్నే అని నిర్ణయమైంది. గని లైన్లలో పుట్టినవాడు అంతమంది డాక్టర్ల ముందు మైకు పట్టుకోవడం! అన్న ఆ రోజు స్వీటు తినలేదు, కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. సభ జరిగే చోటికి దగ్గర్లోనే తన కూతురు ఉంటుందని, చాలా ఏళ్లుగా తనతో మాట్లాడటం లేదని, ఇప్పుడు ఫోన్ చేస్తే వస్తానందని చెప్పాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు విన్నాక, నేను చెప్పాలనుకున్న మాట చెప్పకుండానే వచ్చేశాను.

ఇంకో భయం కూడా ఉంది. ఒకసారి కూటంలో ఎవరో ఆయన్ని, ఏ దుఃఖం వచ్చి తాగడం మొదలుపెట్టావన్నా అని అడిగారు. ఆయన చెప్పింది నాకు అక్షరం పోకుండా గుర్తుంది: "దుఃఖానికి కాదప్పా. దుఃఖం ఎంతైనా మోస్తాను. నలుగురి ముందర తలవంపులైతే మాత్రం నా కాళ్లు నేరుగా షాపుకే పోతాయి."

నలుగురి ముందు ఆయన్ని తల వంచుకునేలా చేసే మాట ఇప్పుడు నా దగ్గర ఉంది.

ముందు డాక్టరుగారికి చెప్పాను. ఆయన మంచివారు. విన్నారు, చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నారు, నువ్వన్నది నిజమే అన్నారు. ఆ తర్వాత, అన్నకు మాత్రం చెప్పొద్దమ్మా అన్నారు. సభలో ఆయన్ని చెప్పనిద్దాం, పూర్తి నివేదికలో చివర ఎక్కడో మాల సంగతి ఒక వాక్యం రాద్దాం, ఆయన మానసిక స్థితి మనకు ముఖ్యం కదా అన్నారు. నాకు ప్రాణం లేచి వచ్చింది. నేను నోరు విప్పక్కర్లేదు. దాన్ని దయ అని కూడా అనుకోవచ్చు.

రెండు రోజులు హాయిగా నిద్రపోయాను. ఆ తర్వాత పల్లెల పని మీద అక్కతో కలిసి ముళబాగిలు బస్సులో వెళ్తుంటే, నా మొహంలో ఏం కనిపించిందో, ఏమైందని అడిగింది. చెప్పేశాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ తన ఆవు సంగతి ఎత్తుకుంది.

తనకు జబ్బుగా ఉన్నప్పుడు ఇంట్లోవాళ్లు ఆమె ఆవును అమ్మేశారట. చెబితే తట్టుకోలేదని, పుట్టింట్లో మేతకు వదిలామన్నారట. ఆమె రోజూ అడిగేది, ఈనిందా, పాలెన్ని ఇస్తోంది అని. వాళ్లు రోజూ జవాబు చెప్పేవాళ్లు. దూడ పుట్టిందన్నారు. దూడకు పేరు పెట్టమని కూడా ఆమెనే అడిగారు.

"పేరు పెట్టినానమ్మా," అంది అక్క. "లేని దూడకు. ఆవు పొయ్యింది, పోనీ. ఊరంతటికీ తెలుసు, నాకొక్కదానికే తెలీదు. నేను పేరు పెడతావుంటే అందురూ నా మొగం చూస్తా కూర్చున్నారే, అది మాత్రం ఇంగా పోలేదు."

నవల తెరిచాను కానీ పేజీ తిప్పలేదు.

మర్నాడు అన్న ఇంటికి వెళ్లాను. ఒంటరిగా ఉన్నప్పుడు చెబితే తలవంపులు ఉండవు కదా అనుకున్నాను. కొత్త తెల్లచొక్కా ఇస్త్రీ చేయించి గోడకు తగిలించి ఉంది. దుమ్ము పడకుండా దాని మీద పలచటి తువ్వాలు కప్పాడు. సభలో చెప్పబోయేది నాకు అప్పజెప్పి, తప్పులుంటే చెప్పమ్మా అన్నాడు. నేను టీ తాగి, ఏమీ లేవన్నా అని చెప్పి వచ్చేశాను.

అలా అది చివరికి కమిటీలోకే వచ్చిపడింది, సభకు ముందు జరిగే ఆఖరి సమావేశం రోజున. డాక్టరుగారు ఫలితాలు చదివి, ఎవరైనా ఏమైనా అంటారా అని అలవాటుగా అడిగి, కాగితాలు సర్దుకుంటున్నారు. నేను చెయ్యెత్తాను. సగమే ఎత్తానేమో, ఫ్యాన్ వెయ్యమంటోందనుకుని అక్క స్విచ్ వైపు చూసింది.

ఏం చెప్పానో వరసగా గుర్తులేదు. మారికుప్పంలో రాగులు చెరిగే ఆమె మాట చెప్పాను. కార్తీకంలో అడిగిన ప్రశ్నకు కార్తీకమే జవాబు చెప్పిందన్నాను. అన్న చెప్పిన నెలలు తప్పు, మేమంతా తలూపడం ఇంకా పెద్ద తప్పు, ఈ ఫలితాలు చెప్పకూడదు అన్నాను.

అన్న బల్లకేసి చూస్తూ అన్నాడు:

"ఇన్నాళ్లూ నేను చెప్పిందంతా బాగుందంటిరి. ఇదీ బాగుందంటిరి. మొన్న నువ్వు మా ఇంటికొచ్చి గూడా తప్పుల్లేవంటివి. అయితే యాది నిజమమ్మా?"

డాక్టరుగారు లేచి ఆయన భుజం మీద చెయ్యి వేశారు. అన్న ఆ చేతిని మెల్లగా తీసి పక్కన పెట్టి, బయటికి వెళ్లిపోయాడు. ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్.

ఆ సాయంత్రమే నేను ఇంటికి వెళ్లే బస్సు వదిలేసి, ఇంకో బస్సెక్కి ఛాంపియన్ రీఫ్స్‌లో దిగింది. ఆయన లైనుకు పోయే దారి మలుపులో ఆ బ్రాందీ షాపు ఉంది. ఇదివరకు తాను తాగింది అక్కడేనని ఆయనే ఒకసారి చూపించాడు. షాపుకు ఎదురుగా విరిగిన సిమెంటు బెంచీతో ఒక పాత బస్టాపు ఉంది. అక్కడ నిలబడి నవల తెరిచాను. ఆయన వస్తే ఏం చెయ్యాలో నాకు తెలియదు. అడ్డం పడగలనా? పిలవగలనా? వీధిలో ఎవరినైనా గట్టిగా పేరు పెట్టి పిలిచినదాన్ని కాదు. అయినా కదలలేకపోయాను. ఆయన తాగితే అది నా మాట వల్లే. ఆయనకు ఏమైనా అయితే, నిజం చెప్పానన్న తృప్తి నాకెందుకు?

గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బల వెనక ఎర్రగా ఉన్న వెలుగు పోయింది. కోలారు పక్క నరసాపురం ఫ్యాక్టరీల నుంచి వచ్చి కంపెనీ బస్సు దిగిన కుర్రాళ్లు గుంపుగా షాపులోకి పోయారు. ఒకడు నావైపు చూసి ఏదో అన్నాడు, మిగతావాళ్లు నవ్వారు. లుంగీ కట్టుకున్న ఒకాయన రోడ్డు దాటి రాబోయి, ఎందుకో నా వెనక్కి చూసి, తగ్గి, వెళ్లిపోయాడు. లోపలికి పోయే ప్రతి మనిషి నడకా అన్న నడకలాగే కనిపించింది. బయటికొచ్చే ప్రతివాడి మొహమూ వెతికాను. ఆయన రాలేదు. చీకటి పడ్డాక ఆటో ఎక్కాను. నేను వెళ్లాక వచ్చాడేమో అన్న అనుమానం ఆటోలో నా పక్కనే కూర్చుని ఇంటిదాకా వచ్చింది.

తర్వాతి రోజులన్నీ ఒకేలా గడిచాయి. పొద్దున ఆయనకు ఫోన్, స్విచ్ఛాఫ్. మధ్యాహ్నం ఫోన్, స్విచ్ఛాఫ్. వారపు కూటానికి ఆయన రాకపోతే సభ్యులే ఎలాగో నడుపుకున్నారు. ఇంటికి తాళం. డాక్టరుగారు నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. అన్నం ముందు కూర్చుంటే ఆ తెల్లచొక్కా కనిపించేది.

సభలో మా వంతును డాక్టరుగారే తర్వాతి సభకు వాయిదా వేయించారు. ఆ మరుసటి వారం, నేను ఆఫీసు తాళం తీస్తుంటే వెనక నుంచి గొంతు వినిపించింది. తిరిగి చూస్తే అన్న. గడ్డం గీసుకుని, తల దువ్వుకుని ఉన్నాడు. నాకు సిగ్గేసిన సంగతి ఏమిటంటే, ముందు గాలి పీల్చి వాసన చూశాను. ఆయన అది గమనించాడు. దగ్గరికొచ్చి, నా మొహం మీదికి హా అని ఊదాడు.

"చూసినావా? ఇంగ పని చూద్దాం," అన్నాడు.

చిత్తూరు పక్క తన పెదనాన్న కొడుకు ఇంటికి పోయి ఉన్నాడట. కోపం తగ్గేదాకా ఈ ఊరి గాలి వద్దనుకున్నాడట. లోపలికి వచ్చి కూర్చుని, మాల తీసినాక మళ్లీ అవే ఇళ్లకు పోదామన్నాడు. ఈసారి తానూ వస్తానన్నాడు. తాగి తలుపు తీసేవాడు ఉంటే ఉంటాడు, వాడిని కూడా అడగాలి కదా అన్నాడు. ఆ రోజు కమిటీ కూర్చున్నప్పుడు, ఆడవాళ్లను విడిగా అడగాలని అక్క చెప్పింది. ఆ మాటకు అన్న ఒప్పుకోలేదు, మొగుడికి తెలిస్తే ఇంట్లో గొడవవుతుందన్నాడు. అక్క ఆయన మీద లేచింది. ఇద్దరూ అరగంట గట్టిగా వాదించుకున్నారు. డాక్టరుగారు కూడా నడుమ దూరి, మీరిద్దరూ చెప్పింది తప్పే అన్నారు. ఆ గదిలో చాలా బాగా చెప్పారన్న మాట వినపడకుండా జరిగిన మొదటి సమావేశం అదే.

మళ్లీ తిరిగాం. ఇప్పుడు సున్నాలు తక్కువ. మారికుప్పంలో రాగుల ఆమె మాట నిలబెట్టుకుంది. నేను అడిగేలోపే అంతా చెప్పింది. కొన్ని తలుపులు మా మొహం మీదే మూసుకున్నాయి. కొందరు నిజంగానే నిలబడ్డారు, నల్లబట్టలు లేకుండా కూడా. అలాంటి ఒక్కొక్క ఇంటి నుంచి బయటికి వచ్చేటప్పుడు అన్న నడక మారిపోయేది.

బెంగళూరు సభలో ఆయనే మాట్లాడాడు. తెల్లచొక్కా వేసుకుని, మేము మొదట చేసిన తప్పు చెప్పాడు, ఆ నెలలు పెట్టమన్నది తానే అని కూడా చెప్పాడు. నేను కుర్చీ అంచు పట్టుకుని ఆయన కాళ్లకేసే చూస్తున్నాను. అవి కదలలేదు. కూతురు వచ్చింది. వెనక వరసలో కూర్చుంది. భోజనానికి ఆగకుండా వెళ్లిపోయింది, కానీ వెళ్లేముందు తండ్రితో రెండు నిమిషాలు మాట్లాడింది. ఏం మాట్లాడిందో ఆయన చెప్పలేదు, మేము అడగలేదు.

పరిశోధన ముగిసింది. నాకు వేరే ఊళ్లో, జనంతో మాట్లాడక్కర్లేని ఉద్యోగం దొరికింది. నేను వెళ్లే రోజు అన్న బంగారుపేట స్టేషన్‌కు వచ్చాడు. పెట్టె తానే ఎక్కించాడు. సిగ్గు తగ్గించుకోమని, వేళకు తినమని అందరూ చెప్పేవి చెప్పాడు. రైలు కదిలేముందు కిటికీ దగ్గరికి వచ్చి, ఆ సమావేశం రోజు సాయంత్రం తాను బ్రాందీ షాపుకే బయల్దేరానని మెల్లగా చెప్పాడు.

నేను కిటికీ దగ్గరికి జరిగాను.

మలుపు దగ్గరికి వచ్చేసరికి నేను కనిపించానట, కనుచీకట్లో పుస్తకం చదువుతూ. అది షాపు మూసేదాకా తాగుబోతులు తిరిగే చోటు. ఒంటరి ఆడపిల్లను వదిలి లోపలికి ఎట్లా పోయేది అనుకున్నాడట. నా వెనక మూసి ఉన్న సైకిల్ షాపు అరుగు మీద కూర్చున్నాడట, నేను ఆటో ఎక్కేదాకా. ఆ తర్వాత షాపు తెరిచే ఉంది కానీ, అంతసేపు నన్ను కాపలా కాసి కాసి, ఎందుకు వచ్చాడో ఆ పని మీద మనసు పోలేదట. ఆ రాత్రే చిత్తూరు బస్సు ఎక్కాడట.

రైలు కదిలింది. కిటికీ ఊచ పట్టుకుని నాలుగడుగులు పక్కనే నడుస్తూ అన్నాడు:

"ఇంగొకసారి బ్రాందీ షాపు ముందర నిలబడాల్సి వస్తే ఒంటిగా పోవద్దమ్మా. నన్ను పిలువు. ఇద్దురమూ నిలబడదాం."